తూకం నమ్మాలా, మార్కులు నమ్మాలా?

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌కు నాణేలతో చుట్టరికం పాతది. 1856లో ఈస్టిండియా కంపెనీ గద్దె దించిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా అక్కడి మటియాబుర్జ్‌లో స్థిరపడి, 1887లో అక్కడే కన్నుమూశాడు. మత్స్యకన్యల బొమ్మలతో లక్నోలో ఆయన వేయించిన వెండి రూపాయిల కోసం సేకరణకర్తలు ఇప్పటికీ పోటీపడతారు. పొరుగునే అలీపూర్‌లో 1952లో ప్రారంభమైన ప్రభుత్వ టంకశాల ఉంది. ఇక మనవాళ్ల సంగతి. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది గార్డెన్ రీచ్‌లోనే. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆ జోన్‌లోనే ఉండడంతో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ పాతుకుపోయిన రైల్వే కుటుంబాలెన్నో. రిటైరయ్యాక చేతికందిన సొమ్ములో కొంత బంగారం, వెండిలో దాచుకోవాలనుకునే అలాంటి కుటుంబం ముందు ఇప్పుడో ప్రశ్న ఉంది. మామూలు బిస్కెట్ కొనాలా? లేక ఎక్కువ ధర పెట్టి గ్రేడ్ వేసిన నాణెం కొనాలా?

గ్రేడింగ్ అంటే మార్కులు వేయడమే. అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే ప్రైవేటు సంస్థలు మొదలయ్యాక ఈ వ్యాపారం ఊపందుకుంది. నాణెం అసలుదో నకిలీదో చూసి, దాని స్థితిని బట్టి 1 నుంచి 70 దాకా ఓ అంకె కేటాయించి, సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తారు. 60, ఆపైన వస్తే చలామణిలో అరగని నాణెం. 70 అంటే అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా లోపం కనిపించనిది. బులియన్‌లో ఈ గొడవ లేదు. బరువెంత, స్వచ్ఛత ఎంత అన్న రెండు ప్రశ్నలతో బేరం తెగిపోతుంది.

మనం తరతరాలుగా తూకం పక్షమే. కోస్తాలో కాసంటే ఎనిమిది గ్రాములు, దాదాపు ఓ బ్రిటిష్ సవరను బరువు. పాత తులం 11.66 గ్రాములు, సరిగ్గా ఓ వెండి రూపాయి బరువు. అంటే నాణెమే తూనికరాయి. అందుకే కాసులపేరు కోసం సవరన్లకు కొక్కేలు అతికించారు, పండగపూట వెండి రూపాయిలను చింతపండుతో తోమారు. లోహానికి దీంతో వచ్చిన నష్టం దాదాపు శూన్యం. గ్రేడింగ్ సంస్థలకు మాత్రం ఈ రెండూ పెద్ద లోపాలే. అలాంటి నాణేనికి మామూలుగా అంకె ఇవ్వరు, శుభ్రం చేసిందనో దెబ్బతిన్నదనో రాసి పంపుతారు. అమ్మమ్మ కాసులకు మార్కులు వేయించి లాభపడదామనుకుంటే నిరాశే మిగులుతుంది.

అలాగని సేకరణ విలువ ఉత్త భ్రమ కాదు. 1911లో వచ్చిన అయిదో జార్జి రూపాయిలో చక్రవర్తి దుస్తులపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపించడంతో దుమారం రేగింది. ప్రభుత్వం చాలా నాణేలను వెనక్కి తీసుకుని కరిగించి, 1912లో బొమ్మను సరిదిద్దింది. రెండు నాణేల్లోనూ ఉన్నది 10.69 గ్రాముల వెండే. కానీ కరిగిపోగా మిగిలిన 1911 రూపాయి ధర 1912 రూపాయికి ఎన్నో రెట్లు. ఆ విలువ తెచ్చింది చరిత్ర, దానివల్ల వచ్చిన కొరత. ప్లాస్టిక్ డబ్బా కాదు.

ఈ తేడాను చెరిపేసినప్పుడే కొనుగోలుదారు మునుగుతాడు. ఏటా లక్షల్లో వెలువడే అమెరికన్ సిల్వర్ ఈగిల్ లాంటి బులియన్ నాణేలనూ డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. కొత్త నాణేనికి 69 లేదా 70 రావడం వింతేమీ కాదు. ఆ రెంటి మధ్య తేడా కంటికి ఆనదు, ధరలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

లెక్క వేసి చూడండి. లోహం విలువ 100 రూపాయలనుకుందాం. మామూలు నాణెం 105కు దొరికితే, 2017లో వచ్చిన 3 శాతం జీఎస్టీతో 108 అవుతుంది. గ్రేడ్ వేసింది 160 చెబితే పన్నుతో 165. అమ్మేరోజున వ్యాపారి తూకానికే ధర కడితే, గట్టెక్కడానికి మొదటిదానికి లోహం 8 శాతం పెరిగితే చాలు. రెండోదానికి 65 శాతం పెరగాలి. తూకానికి మించి ఇచ్చే సేకరణకర్త దొరికితే సరే. కానీ కూతురి పెళ్లికో ఆస్పత్రి ఖర్చుకో డబ్బు కావాల్సినవారికి అతని కోసం నెలల తరబడి ఎదురుచూసే వ్యవధి ఉండదు.

గ్రేడ్ శాశ్వత సత్యం కూడా కాదు, ఓ నిపుణుడి అభిప్రాయం. పీసీజీఎస్ తన గ్రేడింగ్ నిష్పాక్షికత గురించి అతిగా చెప్పుకుందన్న అభియోగాన్ని 1990లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకోవాల్సి వచ్చింది. అంతకుముందే 1989లో గ్రేడెడ్ నాణేల ధరలు శిఖరానికి చేరి, ఆ తర్వాత కుప్పకూలాయి. ఇప్పుడు నాణేలకే కాదు, డబ్బాలకూ నకిలీలున్నాయి.

మన దేశంలో మరో మెలిక ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. నవాబు రూపాయినో 1911 రూపాయినో అమెరికా పంపి మార్కులు వేయించుకోవాలన్న ఆలోచన చట్టం దగ్గరే ఆగిపోతుంది. మన టంకశాలల స్మారక నాణేలూ పొదుపు సాధనాలనుకోవద్దు. ఠాగూర్ 150వ జయంతికి తెచ్చిన 150 రూపాయల నాణెం బరువు 35 గ్రాములైనా అందులో వెండి సగమే.

కాబట్టి అవసరానికి ఆదుకోవాల్సిన సొమ్మయితే స్వచ్ఛత ముద్ర ఉన్న మామూలు నాణెమో బిస్కెట్టో కొనండి, బిల్లు భద్రపరచండి. మళ్లీ కొంటారా, ఏ ధరకు కొంటారన్నది కొనేముందే అడగండి. నాణెం నిజంగా అరుదైనదై, నకిలీల బెడద ఉండి, ఆ రంగం మీకు తెలిసినప్పుడే గ్రేడ్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది. అప్పుడు కూడా డబ్బా మీది నంబరును ఆ సంస్థ రికార్డుతో సరిచూడాలి. ఒక్క పరీక్ష చాలు: డబ్బా పగలగొట్టి చేతిలో పెట్టినా ఆ నాణేనికి అంత ధర ఇస్తారా? ఇవ్వనంటే మీరు కొంటున్నది నాణెం కాదు, దాని మీది అంకె.