బీరువా జరపకండి

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం పెద్దవాళ్ళు అనలేదు. ఆ రోజుల్లో ఇల్లు అమ్ముకున్నారంటే చితికిపోయారనే లెక్క, అందుకని అనుండరు. ఇప్పుడలా కాదుగా. పిల్లల చదువులకనీ, ట్రాన్స్‌ఫర్లనీ, పెద్దవాళ్ళ దగ్గర ఉండాలనీ జనం ఫ్లాట్లు అమ్ముతూనే ఉన్నారు. మేమూ అమ్మాం. కేపీహెచ్‌బీ దగ్గర 2007లో కొన్న రెండు పడగ్గదుల ఫ్లాటు, మూడో అంతస్తు, 1,080 చదరపు అడుగులు. అత్తయ్యగారికి గుంటూరు వెళ్ళిపోవాలని ఎప్పట్నుంచో ఉంది, మావారికీ అటే పోస్టింగు వచ్చింది. ఇంకేం.

ఆ నాలుగు నెలల్లో నాకొక సంగతి అర్థమైంది. చెబితే ఇంట్లోవాళ్ళకే నచ్చలేదు, మీలోనూ కొందరికి నచ్చకపోవచ్చు. ఇల్లు అమ్మకానికి సిద్ధం చేసేది ఆడవాళ్ళు, అమ్మేది మగవాళ్ళు. చాకిరీ మనది, బేరం వాళ్ళది. ఇందులో కొత్తేముంది, పెళ్ళిళ్ళలోనూ అంతేగా అంటారా? కొత్త ఉంది. ఇంటికున్న లోపాలు దాచిపెట్టే పని కూడా మనచేతే చేయిస్తారు. నా గొడవంతా దాని గురించే.

ఏజెంటు మొదటిసారి వచ్చినప్పుడు హాల్లో మావారితో కూర్చుని రేటు మాట్లాడాడు. కాఫీ తాగాక నావైపు తిరిగి పనులు చెప్పాడు. చూశారా, ఆయనకి రేటు, నాకు పనులు. అటక మీద సామాను తీసేయాలి. గుమ్మం ముందు చెప్పుల స్టాండు ఉండకూడదు. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు. కొనేవాళ్ళు చూడ్డానికి ఆదివారాలే వస్తారు కాబట్టి ఆదివారం చేపల పులుసు పెట్టకూడదు. (మా అబ్బాయికి అన్నిటికన్నా కష్టమనిపించింది ఇదే.)

ఇవి సరే. శుభ్రంగా చూపించడం మోసం కాదు, పెళ్ళిచూపులకి తల దువ్వుకుని కూర్చోమా? అటక దించితే మా అమ్మ పెట్టిన ఇత్తడి గంగాళం, పిల్లాడి ఉయ్యాల గొలుసులు, ఎలుకలు సగం తినేసిన నా బీఏ నోట్సు బయటపడ్డాయి. కారే కుళాయిలకి వాషర్లు వేయించాను. తలుపు బందులకి నూనె పెట్టాను. ఏజెంటు మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఫోటోలు తీశాడు, హాలు చీకటి కొట్టులా పడింది. మాది తూర్పు బాల్కనీ, పొద్దున ఎనిమిదింటికైతే గది గదంతా వెలుగే. కర్టెన్లు తీసేసి నేనే తీసి పంపాను. ఫోన్లు రావడం మొదలైంది ఆ తర్వాతే. ఫోటోలు ఎవరు తీశారని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత వినండి. హాల్లో మామయ్యగారి ఫోటో ఉంది, దండ వేసి. అది తీసేయమన్నాడు ఏజెంటు. "కొనేవాళ్ళకి సెంటిమెంటు మేడమ్, ఈ ఇంట్లోనే పోయారా అని అడుగుతారు." ఆయన పోయింది ఈ ఇంట్లోనే, ఆ హాల్లోనే, నా చేతి కాఫీ తాగి పేపరు చదువుకుంటూ. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే తనే స్టూలు దగ్గర నిలబడి, నేను ఫోటో దించి ఇస్తే పాత చీరలో చుట్టి తన మంచం కింద పెట్టుకునేవారు. సాయంత్రం మళ్ళీ పెట్టించేవారు. పదకొండు ఆదివారాలు. మనిషి పోని ఇల్లు కావాలంటే ఎవరూ కాపురం చేయని ఇల్లే కొనుక్కోవాలి మరి.

అసలు విషయం బీరువా. పడమటి పడగ్గదిలో పై ఫ్లాటు బాత్రూము నుంచి గోడకి చెమ్మ దిగుతుంది. వానాకాలం మొదలైన నెలకల్లా గోడ ఉబ్బుతుంది, దసరా నాటికి సున్నం పెచ్చులు రాలతాయి. ఏడేళ్ళుగా ఇదే వరస. మావారు అసోసియేషన్ మీటింగుల్లో చెప్పడం, పైవాళ్ళాయన చూస్తాననడం, అంతే. పెయింటరు పుట్టీ పట్టించి రంగేశాడు. పైన పటారం లోన లొటారం. రెండు వానలకే మచ్చ తేలింది. అప్పుడు ఏజెంటు, మావారు కలిసి తేల్చిన ఉపాయం: "బీరువా అటు జరిపేయ్, కనపడదు."

జరిపాను. మీ దగ్గర దాచడమెందుకు, పనిమనిషి సాయం పట్టి నేనే జరిపాను. నాలుగు ఆదివారాలు ఆ బీరువా పక్కన నిలబడి "ఈ గది బాగా చల్లగా ఉంటుందండీ" అన్నాను కూడా. చల్లగా ఎందుకుండదు?

అయిదో ఆదివారం ఒక జంట వచ్చింది. మగవాళ్ళిద్దరూ, ఏజెంటూ హాల్లో కూర్చున్నారు. లిఫ్టు, పార్కింగు, మెట్రోకి ఎంత దూరం, మెయింటెనెన్సెంత, ఇవీ మాటలు. ఆ అమ్మాయి తిన్నగా వంటింట్లోకి వచ్చింది. బోరు నీళ్ళు గిన్నెలకి తెల్లగా పడతాయా? మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజా? ఉతికిన బట్టలకి ఎండ ఎన్నింటి దాకా ఉంటుంది? పక్క ఫ్లాటువాళ్ళు ఎలాంటివాళ్ళు? పదహారేళ్ళకి పైగా నేను జవాబులు పోగేసుకున్న ప్రశ్నలన్నీ అడిగింది. హాల్లో కూర్చున్న ముగ్గురిలో ఒక్కరికీ వీటిలో రెండిటికి మించి తెలియవు. తర్వాత చంకలో పిల్లాణ్ణి సర్దుకుంటూ, "బాబుకి ఆయాసం ఆంటీ, గాలాడే గది కావాలి. ఆ బీరువా ఉన్న గది వాడికి ఇద్దామనుకుంటున్నాం" అంది. (ఆంటీ అందిలెండి, ఏం చేస్తాం.)

చెప్పేశాను. బీరువా మళ్ళీ జరిపి మరీ చూపించాను.

వాళ్ళు వెళ్ళాక మావారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది కూడా, "నీకు వ్యవహారం తెలీదు" అనడానికే. ఏజెంటైతే ఫోనులో, "కొనేవాళ్ళు చూసుకోవాలి మేడమ్, మనం చెప్పాల్సిన పని లేదు" అన్నాడు. మనవాళ్ళందరూ అనే మాటే ఇది. చుట్టాలూ అన్నారు, కింద ఫ్లాటావిడా అంది. అందుకే దీనికి గట్టిగా జవాబు చెప్పాలనుంది.

చెప్పాల్సిన పని ఉంది. మా పిన్ని కూతురు లాయరు, దాన్నడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉందిట: అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకుండా, మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే అమ్మేవాడే చెప్పాలి. చెప్పకపోతే అది మోసమే. ఇంటికున్న లోపమైనా, కాగితాలకున్న లోపమైనా సరే. బీరువా వెనకాల గోడ మామూలు జాగ్రత్తకి కనపడుతుందా? ఎవరింటికైనా వెళ్ళి వాళ్ళ బీరువా జరిపి చూస్తామా? వ్యవహారం తెలియనిది నాకా, తెల్లవాళ్ళ కాలం నుంచీ ఉన్న చట్టం తెలియని వీళ్ళకా?

ఇంకోమాట. మోసం బయటపడ్డాక తిట్లు ఎవరికి? సంతకం పెట్టిన ఆయనకి కాదు. "ఆవిడ పక్కనే నిలబడి గది చల్లగా ఉంటుందని చెప్పింది" అంటారు. అబద్ధం ఆడవాళ్ళ నోటితో ఎందుకు చెప్పిస్తారో తెలుసా? ఆడవాళ్ళ మాట ఆడవాళ్ళు నమ్ముతారు కాబట్టి. ఆ నమ్మకం మనది. దాన్ని లక్షకో రెండు లక్షలకో అమ్మిపెట్టే హక్కు ఏజెంటుకి లేదు, మొగుడికీ లేదు.

మరి గోడ సంగతి? నేను పై ఫ్లాటావిడ దగ్గరికి వెళ్ళాను, తాంబూలానికి వెళ్ళినట్టు. కిందికి తీసుకొచ్చి గోడ చూపించాను. "ఇన్నేళ్ళూ ఇంతుందని మావారు చెప్పనేలేదండీ" అంది. వారంలో ప్లంబరు వచ్చి బాత్రూములో నహానీ ట్రాప్ చుట్టూ తవ్వి, పైపు మార్చి, టైల్స్ సందుల్లో గ్రౌటింగ్ చేశాడు. ముప్పై ఎనిమిది వేలు, సగం వాళ్ళు, సగం మేము. మగవాళ్ళ మీటింగుల్లో ఏడేళ్ళు నలిగిన పని అది. గోడ ఆరడానికి టైము పడుతుందని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. తొమ్మిది రోజులకి వాళ్ళు మళ్ళీ వచ్చారు. మేం చెప్పింది అరవై ఎనిమిది లక్షలు, అరవై ఆరున్నరకి తెగింది. "ఆ లక్షన్నరా నీ నోటి ఖరీదు" అని మావారు ఇప్పటికీ అంటారు. పోయుండొచ్చు. కాదనను.

అగ్రిమెంటు రోజు నన్ను రావద్దన్నారు, నువ్వొచ్చి ఏం చేస్తావని. వెళ్ళాను. ఆ అమ్మాయీ వచ్చింది. ఫైలు నా చేతిలో ఉంది: సేల్‌డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, బ్యాంకు లోను తీరిందన్న కాగితం. ఇన్నేళ్ళూ వాటిని చెదలు పట్టకుండా దాచింది నేనేగా. అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలని వాళ్ళు అడిగితే మావారు ఫోనులో వెతుకుతున్నారు, నేను నలభై రెండు గజాలని చెప్పాను. యాభై లక్షలు, ఆ పైన ధరైతే కొనేవాళ్ళు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి కదా, అంటే అరవై ఆరువేల అయిదు వందలు తగ్గి చేతికొస్తుందని లెక్క కట్టుకునే వెళ్ళాను. పది లక్షలు నగదుగా ఇస్తామని వాళ్ళ మావగారు మొదలెట్టారు. ఇల్లమ్మినప్పుడు ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు, తీసుకుంటే అంత మొత్తం జరిమానా పడొచ్చని నేనే అన్నాను. ఆ తర్వాత ఎవరూ నన్ను కాఫీ తెమ్మనలేదు.

సంతకం మాత్రం మావారిదొక్కటే. దస్తావేజు ఆయన పేరు మీదే ఉంది. మొదట కట్టిన డబ్బులో నా నాలుగు గాజులూ, అమ్మ పెట్టిన కాసులపేరూ ఉన్నాయి. ఇల్లాలు అన్న మాటలో ఇల్లు ముందుంది గానీ ఇంటి కాగితంలో ఇల్లాలు ఎక్కడా లేదు. సాక్షిగానైనా పెట్టండన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు. గుంటూరులో కొనేది ఇద్దరి పేరు మీదా ఉంటేనే వస్తానని ఆటోలోనే చెప్పాను. రెండు రోజులు పట్టింది గానీ ఒప్పుకున్నారు. మద్దతు అత్తయ్యగారి నుంచి వచ్చింది, నేను ఊహించలేదు.

పోయిన నెల గుంటూరులో ఒక పాత డాబా ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. మగవాళ్ళు వరండాలో కూర్చున్నారు. ఆ ఇంటావిడ నాకు గదులు చూపిస్తోంది, నా వయసే ఉంటుంది. వెనక గదిలోకి వెళ్ళగానే బీరువా పక్కకొచ్చి నిలబడి, "ఇక్కడ చల్లగా ఉంటుందండీ" అంది.

కొంగు బిగించి, "రండి, చెరోవైపు పట్టుకుందాం" అన్నాను.