గీతలే కదా!

“ఆఁ, గీతలే కదా!” అనే మాట మీద ఏ ప్రభుత్వమైనా పన్ను వేస్తే, ఒక్క మా ఇంటి వసూళ్లతోనే ఖజానా సగం నిండుతుంది. అనేది మావారు, అనిపించుకునేది నేను. గొడవంతా బొమ్మ రైలింజన్ల గురించి.

మేముండేది ఇంగ్లాండులో. ఇక్కడ చాలామంది మగవాళ్లకి రిటైరయ్యాక ఆవిరి ఇంజన్ల పిచ్చి పడుతుంది. మావారికి రిటైరవకముందే పట్టింది. ఇత్తడి రేకుల కిట్టు కొనుక్కొచ్చి, ఎనిమిది నెలలు టంకం పెట్టి, జానెడు పైచిలుకు ఇంజను ఒకటి నిలబెట్టారు. 1923లో డాంకాస్టర్ కర్మాగారంలో తయారైన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’కి నకలు అది, అసలులో 76వ వంతు. దానికి ఆపిల్ పచ్చ రంగు పూసి, నలుపు తెలుపు గీతలు గీసి, 4472 అని అంకెలు, పక్కన కంపెనీ అక్షరాలు వేసింది నేను. పదకొండు సాయంత్రాలు పట్టింది. మోడల్ రైళ్ల క్లబ్బువారు ప్రదర్శన పెట్టి, ఇంజను ముందు ఒక కార్డు నిలబెట్టారు. ‘తయారీ’ అని రాసి పక్కన మావారి పేరు. అంతే!

“ఏమండీ, నా పేరేదండీ?” అన్నాను.

“గీతలే కదోయ్, వాటికి కూడా పేరెందుకు?” అన్నారు. క్లబ్బు పెద్దమనిషి ఒకాయన అదే మాట ఇంగ్లీషులో, ఇంకాస్త మర్యాదగా చెప్పారు.

సరే, ఆ గీతల సంగతేమిటో మీరే వినండి. అసలు ఇంజను మీద సెంటీమీటరు వెడల్పున్న గీత మా ఇంజను మీదికి వచ్చేసరికి 0.13 మిల్లీమీటర్లవుతుంది. తలవెంట్రుకకి అక్కగారన్నమాట. దానికి నేను వాడేది రూలింగ్ పెన్ను. ఇంజనీరింగ్ చదివిన అన్నయ్యల పెట్టెల్లో మీలో కొందరు చూసే ఉంటారు: రెండు ఉక్కు రేకులు, వాటి మధ్య సందు పెంచడానికీ తగ్గించడానికీ ఒక మర. ఆ సందులోకి కుంచెతో ఎనామిల్ రంగు అందించి, రేకుల బయటివైపు శుభ్రంగా తుడవాలి. రంగు చిక్కనైతే పెన్ను దిగదు, పల్చనైతే పారిపోతుంది. స్కేలు అడుగున టేపు అంటించి కాస్త ఎత్తులో ఉంచాలి. లేకపోతే రంగు స్కేలు కిందికి పాకి, గీత కాస్తా మడుగవుతుంది. మధ్యలో చెయ్యి ఆగిందా, ఆగినచోట బొట్టు కడుతుంది. ఫోను మోగినా, కుక్కరు కూత వేసినా, గీత చివరిదాకా వెళ్లాకే లేవాలి. బల్ల లాంటి టెండరు పక్కల మీద ఇంత కష్టముంటే, గుండ్రటి బాయిలరు చుట్టూ నల్లపట్టీ, దాని రెండంచులా తెల్లగీత తిప్పడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

“అక్షరాలు అచ్చువేసి అమ్ముతారుగా, నీళ్లలో నానబెట్టి జార్చడమే” అంటారు మరికొందరు. జార్చడమేనా? గరుకు రంగు మీద జారిస్తే పొర కింద గాలి చిక్కుకుని, అక్షరం చుట్టూ వెండిలా తెల్లగా మెరుస్తుంది. అందుకని ముందు నిగనిగలాడే వార్నిషు పూసి, అది ఆరాక అక్షరం అంటించి, అదీ ఆరాక మెరుపు తగ్గించే వార్నిషు పైన పూయాలి. అక్షరాల మధ్య ఎడం సమానమని స్కేలు ఒప్పుకున్నా కన్ను ఒప్పుకోకపోతే కన్ను మాటే వినాలి. ఆ కన్ను దుకాణంలో అమ్మరు.

ఈ చెయ్యి నాకెక్కడిదని? ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో వంగి నేర్చుకున్నదే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందుని బట్టి ముగ్గు గీత సన్నమో లావో అవుతుంది. రూలింగ్ పెన్నుకున్న రెండు రేకులూ ఆ రెండు వేళ్లే. వాకిట్లో గీస్తే ‘అలవాటు’ అన్నారు. ఇంజను మీద గీస్తే ‘గీతలే కదా’ అంటున్నారు. అవే గీతలు మీసాలాయన గీస్తే మాత్రం ‘మాస్టరు’ అని పిలిచి, అడిగినంత ఫీజు ఇచ్చి, ఆయన పేరు కార్డు మీద వేస్తారు!

చరిత్రలోకి వెళ్దామా? ఆ ఇంజన్ల రూపకర్త నైజెల్ గ్రెస్లీ. 1937లో ఒక ఇంజనుకి ఏకంగా ఆయన పేరే పెట్టారు. పెట్టవలసిందే. మరి ఆ ఇంజన్లకి రంగులేసినవాళ్ల పేర్లు ఏ పలక మీద ఉన్నాయి? లివర్‌పూల్‌లోని మెకానో కర్మాగారం 1920 నుంచి హార్న్‌బీ బొమ్మ రైళ్లు తయారుచేసింది. 1979లో మూతపడింది. అందులో పనిచేసినవాళ్లలో ఎంతోమంది ఆడవాళ్లే. పెట్టె మీద మాత్రం యజమాని ఫ్రాంక్ హార్న్‌బీ పేరు. ఇప్పుడు చైనాలో తయారయ్యే మోడళ్ల మీద మెత్తటి సిలికాన్ దిండుతో గీతలు అద్దుతున్నారు. ఆ అద్దే చేతులెవరివో పెట్టె తిరగేసి చూసినా కనబడదు.

గీతలంటే శ్రమ కాదనేవాళ్లకి ఇంకొక్క సంగతి. రెండో ప్రపంచయుద్ధకాలంలో లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే వారు ఇంజన్లకి గీతలు మానేసి ఉత్త నల్లరంగు పూశారు. టెండరు మీద ‘ఎల్.ఎన్.ఇ.ఆర్.’ అనే నాలుగక్షరాలని కూడా ‘ఎన్.ఇ.’ అని రెండుకి కుదించారు. మనుషులు చాలక, శ్రమ మిగల్చడానికి. శ్రమే లేని పనైతే, అందులో మిగల్చడానికి ఏముంటుందండీ?

మావారి ఎనిమిది నెలల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. చక్రం తిరిగేది ఆయన పుణ్యానే. కాని ప్రదర్శనకి వచ్చినవాళ్లు టంకం చూడటానికి వంగలేదు. రంగు చూసి వంగారు.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? “ఈ వయసులో బొమ్మ రైళ్లకి రంగులేమిటి వదినా?” అని మా ఆడపడుచు ఫోనులో నవ్వింది. తను అద్దాల పని చేసిన దిండు గలీబులు నలుగురికీ పంచిపెట్టి, ఎవరైనా మెచ్చుకుంటే “ఏముందిలెండి, ఊరికే!” అంటుంది. ఊరికేనా! కళ్లు కాయలు కాచేలా కుట్టి, ఆ ‘ఊరికే’ని మనమే అందిస్తుంటే మగవాళ్లు అందుకోక ఏం చేస్తారు?

ఇప్పుడు రెండో ఇంజను తయారైంది. గ్రెస్లీగారి పేరున్నదే. నీలం రంగు పూసుకుని నా బల్ల మీద కూర్చుంది. ప్రదర్శన వచ్చే నెలలో. కార్డు మీద ‘నిర్మాణం’ అని ఒక వరుస, ‘రంగు, గీతలు, అక్షరాలు’ అని దాని కిందే, అదే సైజులో ఇంకో వరుస ఉండాలని మావారికి చెప్పాను. ఒక్క వరుసే ఉంటుందంటే నాకూ యుద్ధకాలమే, టెండరు మీద రెండక్షరాలు వేసి ఊరుకుంటానన్నాను. నీలం ఇంజను మీద ‘ఎన్.ఇ.’ చూస్తే క్లబ్బు పండితులకి నిద్ర పట్టదని ఆయనకి తెలుసు. పక్క గదిలో కూర్చుని క్లబ్బువారికి ఉత్తరం రాస్తున్నారు.