కోల్టు కీర్తి, వాకర్ పిస్తోలు

అమెరికా ఆయుధముల చరిత్ర వ్రాయువారు శామ్యూల్ కోల్టును అసమాన యంత్రశిల్పిగా పొగడుట పరిపాటి. ఆతని ప్రతిభను కాదనుట ఎవరి తరమును కాదు. కాని 1847లో వెలువడిన వాకర్ రివాల్వరు కథను ఆమూలాగ్రముగా పరికించినచో, ఆ కీర్తిలో పెద్దపాలు ఒక యుద్ధమునకును, ఒక ప్రభుత్వపు ఆర్డరునకును, ముప్పదేండ్లైన నిండి ఎంతోకాలము కాకుండ మరణించిన ఒక సైనికునకును చెందవలెనని తోపకపోదు.

కోల్టు 1836లోనే అమెరికాలో పేటెంటు పొందెను. న్యూజెర్సీ రాష్ట్రమున పేటర్సన్ పట్టణములో కర్మాగారము వెలసెను. ఐదుగుండ్ల పిస్తోలు తయారయ్యెను. కొనువారు మాత్రము చాలినంతమంది లేకపోయిరి. 1842లో ఆ సంస్థ మూతపడెను. వస్తువు మేలైనదైనచో లోకము దానికై ఎగబడునను నమ్మకము ఎంత బోలుదో పేటర్సన్ చాటుచున్నది.

అప్పటికింకను అమెరికాలో చేరని టెక్సాస్ గణతంత్రము 1839లో తన నౌకాదళమునకై 180 పిస్తోళ్లు కొనెను. అవి పిమ్మట ఆశ్వికులైన రేంజర్ల చేతికి వచ్చెను. ఆ ప్రాంతపు కొమాంచీలు గుఱ్ఱపుస్వారిలో సాటిలేనివారు. ఒంటిగుండు పిస్తోలు గల రౌతు ఒకమాఱు కాల్చి మరల మందు కూరుకొనులోపల కొమాంచీ వీరుడు బాణము వెంట బాణము విడువగలడు. 1844 జూన్ నెలలో సుమారు పదునైదుగురు రేంజర్లు, కెప్టెన్ హేస్ నాయకత్వమున, తమకంటె ఎన్నోరెట్లున్న కొమాంచీలను ఈ పిస్తోళ్లతోనే చెదరగొట్టిరి. ఆనాడు బల్లెపుపోటు తిని బ్రతికి బయటపడినవాడు శామ్యూల్ వాకర్.

1846లో మెక్సికోతో యుద్ధము వచ్చెను. నవంబరు 30న వాకర్ కోల్టునకు పిస్తోలును మెచ్చుకొనుచు జాబు వ్రాసెను. అయితే రౌతు ఎరిగిన లోపములు రౌతే చెప్పగలడు. పాతదానిలో మీటకు కాపుకట్టు లేదు; గుండు చిన్నది; పని సున్నితము. వాకర్ సూచనలపై తయారైనది ఆరుగుండ్ల భారీ ఆయుధము: తొమ్మిదంగుళముల గొట్టము, నాలుగున్నర పౌనులకు మించిన బరువు. దానిని నడుమున కట్టుకొనుట కష్టమే. జీనునకు వ్రేలాడు తోలు ఒరలే దానికి తగిన చోటు. ఒక్కొక్క గదిలో 60 గ్రెయినుల వరకు మందు పట్టును. వెనుకనుండు రాగి కేపుపై సుత్తి పడినంతనే నిప్పు లోనికి ప్రాకును. దీపావళికి పిల్లలు పేల్చు కేపుల సూత్రమే ఇది!

1847 జనవరిలో ప్రభుత్వము వేయి పిస్తోళ్లకు ఆర్డరిచ్చెను. కోల్టునకు కర్మాగారమే లేదు. పత్తిజిన్ను కనిపెట్టిన ఏలీ విట్నీ కుమారుని కర్మాగారములో, కనెక్టికట్‌లోని విట్నీవిల్‌లో, వాటిని చేయించెను. అన్నియు కలిపి 1,100.

పిస్తోలు నిర్దోషమైనదని చెప్పుట చరిత్రకు అన్యాయము. ఆనాటి ఇనుము అంత మందును ఓర్వలేక సిలిండర్లు పగిలెను. గుండు దట్టించు కడ్డీ కాల్చినప్పటి అదటునకు జారి క్రిందికి వ్రేలాడి, సిలిండరు తిరుగుటకు అడ్డుపడెను. 1848 నుండి వచ్చిన డ్రాగూన్ పిస్తోలులో గొట్టమును, మందును తగ్గించి, కడ్డీకి పట్టు అమర్చి వీటిని సరిదిద్దిరి. ఆ దిద్దుబాటును వాకర్ చూడలేదు. కోల్టు స్వయముగా పంపిన జత తనకు చేరిన కొద్దిదినములకే, 1847 అక్టోబరు 9న, మెక్సికోలోని హువమాంట్లలో అతడు హతుడయ్యెను.

కోల్టు మాత్రము ఆ ఆర్డరుతో నిలదొక్కుకొని హార్ట్‌ఫర్డ్‌లో సొంత కర్మాగారము స్థాపించెను. 1862లో గొప్ప ధనికుడై మరణించెను. యంత్రములచే ఒకే కొలతకు భాగములు చేయించి, వేలకొలది అమ్ముటలోనే ఆతని నిజమైన ప్రజ్ఞ కలదు. పిస్తోలు కంటె కర్మాగారమే ఆతని మహాసృష్టి అనుట సమంజసము.

వాకర్ పిస్తోలు సిలిండరుపై ఆర్మ్స్‌బీ అను శిల్పి చెక్కిన చిత్రము కలదు: రేంజర్లు తరుముచున్నారు, కొమాంచీలు పారిపోవుచున్నారు. తమ మైదానములను కోల్పోయినవారి ఓటమి ఆ విధముగా సరకుపై అలంకారమైనది. 2018లో అట్టి పిస్తోలొకటి వేలములో 18 లక్షల డాలర్లకు పైగా పలికెను. మిగిలియున్న వాకర్ పిస్తోళ్లలో పెక్కింటిపై ఆ బొమ్మ అరిగిపోయి, గీతలు మాత్రమే కానవచ్చును.