జుట్టుకి రంగు, చేతికి పుండు

జుట్టు రంగు పెట్టె మీద ఒక హెచ్చరిక ఉంటుంది. కొందరికి చర్మం మండవచ్చు, ముందు కొద్దిగా రాసి చూసుకోండి, కనుబొమలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చు అని. చట్టప్రకారం అది ఉండి తీరాలి. మంచిదే. కానీ ఆ హెచ్చరిక ఎవరి కోసం? నెలకోసారి రంగు వేయించుకునే ఆమె కోసం. రోజూ నాలుగైదు తలలకి ఆ రంగు కలిపి, పూసి, కడిగే అమ్మాయి గురించి అందులో ఒక్క మాట లేదు.

ఈ రంగుల్లో చాలావాటికి ఆధారం పారా ఫినిలిన్ డయామిన్. ఆరోమాటిక్ అమైన్లనే రసాయనాల కుటుంబానికి చెందినది. ఈ కుటుంబం సంగతి కార్మికలోకానికి కొత్త కాదు. 1895లోనే లుడ్విగ్ రేన్ అనే జర్మన్ వైద్యుడు రంగుల ఫ్యాక్టరీ పనివాళ్ళలో మూత్రాశయ కాన్సర్‌ని గుర్తించాడు. ఈ కుటుంబంలోవే అయిన బెంజిడిన్, బీటా నాఫ్తిలమైన్‌లని ఆపించడానికి దశాబ్దాలు పట్టింది. ఈలోగా పోయినవి కార్మికుల ప్రాణాలు.

పారా ఫినిలిన్ డయామిన్ ఒక్కటే కాన్సర్ తెస్తుందని రుజువు కాలేదు. చర్మానికి చేసే హాని మాత్రం రుజువైనదే. ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైతే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కాస్త తగిలినా దురద, పొక్కులు, పగుళ్ళు; కొందరికి ఉబ్బసం. వాడే ఆమె ఆ రంగు మానేస్తే సరిపోతుంది. పనిచేసే ఆమె మానేయాల్సింది బతుకుతెరువుని.

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 1993లో, మళ్ళీ 2008లో చెప్పినది చూడండి. సొంతానికి రంగు వాడటం వల్ల కాన్సర్ వస్తుందో లేదో తేల్చలేమంది. క్షౌరవృత్తి, జుట్టు అలంకరణ పని మాత్రం బహుశా కాన్సర్ కారకమే అంది. ప్రమాదం రంగు వేయించుకునే తలకన్నా వేసే చేతులకే ఎక్కువని దీనర్థం కాదా?

ఆ చేతులు ఎవరివి? ఇద్దరు ముగ్గురు పనిచేసే పార్లర్లలోని ఆడపిల్లలవి. అవి ఫ్యాక్టరీలు కావు. పదిమంది లేరు కనుక ఈఎస్ఐ కూడా సాధారణంగా ఉండదు. చేతులు పగిలితే "నీ ఒంటి తత్వం" అంటారు. ఆడవాళ్ళ చాకిరీని ఎప్పుడూ చాకిరీగా లెక్కించని సమాజం, అందులో వచ్చే జబ్బుని మాత్రం జబ్బుగా లెక్కిస్తుందా?

ఇక మన సంగతి. సాధికారత పేరుతో బ్యుటీషియన్ శిక్షణలు పెడుతున్నది మనమే. సర్టిఫికెట్లు పంచి, ఫోటోలు దిగి, నివేదికలో సంఖ్య రాసుకుంటున్నాం. ఆ పాఠాల్లో రసాయనాల మీద ఎన్ని గంటలు? ఏమీ చెప్పకుండా ఒక అమ్మాయిని విషం ముందు కూర్చోబెట్టడం ఏ రకం సాధికారత?

చేయవలసినవి పెద్ద ఖర్చువి కావు. నైట్రైల్ తొడుగులు, ఒకసారి వాడి పారేసేవి. కలిపేటప్పుడే కాదు, కడిగేటప్పుడు కూడా. గాలి ఆడే గది. కత్తిరింపు ముందు, రంగు తర్వాత. పెట్టె మీద పనిచేసేవాళ్ళ కోసం తెలుగులో హెచ్చరిక. చర్మం పాడైతే వైద్యం, నష్టపరిహారం.

ఈ పాఠం లేని శిక్షణని మన సంస్థల్లో ఆపేద్దాం. మిగతావాళ్ళని అడిగే హక్కు అప్పుడే మనకి వస్తుంది.