కాలువ ఎప్పుడు కడతారో మాకెవరు చెప్తారు?



మన ఎడ్లపాడు వైపు సాగర్ కుడికాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు ఆగుతాయో రైతుకు ముందే కబురు అందుద్ది. మీటింగులు పెడతారు, వారబందీ ప్రకటిస్తారు, పేపర్లో వేస్తారు. మంచిదే, రైతుకు తెలియాల్సిందే. అదే నీటి మీద బతికే యానాదిని ఆ మీటింగుకి ఒక్కసారన్నా పిలిచారా?

కాలువ కట్టేసిన రెండో రోజు వెళ్లి చూడండి. నీళ్లు మడుగులై నిలుస్తాయి. మోకాలి లోతులో మనోళ్లు ఊతలు పట్టుకుని దిగుతారు. మట్టగిడసలు, జెల్లలు, అదృష్టం ఉంటే కొరమీను. కొరమీను పైకొచ్చి గాలి పీల్చే చేప, అందుకే తడి బురదలో కూడా కొన్నాళ్లు ఓర్చుకుంటది. బురద మీద బుడగ చూసి చెయ్యి ఎక్కడ పెట్టాలో మా అమ్మకు తెలుసు. డిగ్రీ చదివిన నాకు తెలీదు. ఇంత విద్య ఉన్న మనిషికి, మళ్లీ నీళ్లు ఎప్పుడు వదులుతారో చెప్పేవాడు లేడు. రాత్రి పెట్టిన మావులు తెల్లారేసరికి కొట్టుకుపోతాయి.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపితే ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 20 వేలు చేశారు. అది వాళ్ల హక్కు, మాకు అసూయ లేదు. మరి కాలువ ఎండిన నెలల్లో మా పొయ్యి సంగతేంటి?

చట్టం లేదా అంటే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద సామూహిక హక్కు రాసే ఉంది. కాకపోతే అడవి భూమిలో ఉంటేనే. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల్ని పంచాయతీ చేతికిచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతంలోనే, ఎడ్లపాడు అందులో లేదు. ఎస్టీ అని సర్టిఫికెట్ చేతిలో పెట్టి (అదీ ఎన్ని తిరుగుళ్లు తిరిగాక!) హక్కుని మాత్రం కొండ మీదే వదిలేశారు. ఇక్కడ చెరువు వేలంలో డబ్బున్నోడు పాడుకుంటాడు. మనోడు ఆ చెరువుకే రాత్రి కాపలా. పొద్దున కూరకి రెండు చేపలు తీసుకుంటే దొంగ.

అమెరికాలో నిస్క్వాలీ తెగ మనిషి బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని కూడా ఇలాగే దొంగన్నారు. సముద్రం నుంచి నదికి ఎదురెక్కే సాల్మన్, స్టీల్‌హెడ్ చేపల కోసం వల వేసినందుకు 14 ఏళ్లప్పుడు మొదటిసారి పట్టుకున్నారు. ఆ తర్వాత 50 సార్లకు పైగా అరెస్టు చేశారు. ఆయన వల మానలేదు. 1974లో జడ్జి బోల్ట్, పట్టదగిన చేపల్లో సగం దాకా ఆ తెగల వాటా అని తీర్పిచ్చాడు.

"వాళ్లకు పాత ఒప్పందాలున్నాయి అన్నా, మనకేవి?" అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే తమ్ముడూ. మనతో ఎవరూ ఏమీ రాసుకోలేదు, రాసుకోకుండానే తీసుకున్నారు.

నీళ్లు వదిలే, ఆపే తేదీలు మన కాలనీలకు ముందే చెప్పాలి. కట్టేసిన కాలువ మడుగుల్లో, ఊరి చెరువుల్లో మన సంఘాలకు వాటా రాయాలి. మీ ఊరి చెరువు వేలం ఎప్పుడు జరిగింది, ఎంతకు పోయింది, మనోళ్లకు కబురు చేశారా లేదా, ఈ మూడూ కనుక్కుని సంక్రాంతి లోపు మాకు పంపండి. ఆ కాగితాలతోనే కలెక్టరేట్‌కి పోదాం.