సుద్దముక్క వదలిన చేయి

ఈ నెల నా సొంత పొరపాటు ఒకటి మీ ముందుంచుతున్నాను.

2021 వేసవిలో ఒక సాయంత్రం, చిక్కడపల్లిలో అసర్ నమాజు ముగించుకొని వస్తుండగా నా పూర్వ విద్యార్థి ఒకరు సలాం చేశాడు. పన్నెండేళ్ళుగా ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు బోధిస్తున్నాడు.

"ఉస్తాద్! బడి మానేసి గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుందామనుకుంటున్నాను. అబ్బా ఒప్పుకోవడం లేదు. మీరు ఒక మాట చెబితే వింటారు" అన్నాడు.

"విద్య నేర్పడం ప్రవక్తల వారసత్వం బేటా! దాన్ని వదలి బొమ్మల పనికి పోతావా?" అన్నాను. అతను తల వంచుకొని వెళ్ళిపోయాడు.

అతనికి నెలల తరబడి జీతం అందలేదని తరువాత తెలిసింది. కరోనా వల్ల బడులు మూతపడిన రోజులవి. ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ఆ వార్త నేనూ చదివాను. అయినా "ఇల్లెలా గడుస్తోంది?" అని అతణ్ణి అడగలేదు. అడగకుండానే ఉపదేశించాను.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే భుజించేవారని దైవప్రవక్త (సల్లం) మనకు తెలియజేశారు. అక్షరాల అందానికి పేరుగాంచిన ఇబ్నుల్ బవ్వాబ్ మొదట ఇళ్ళ గోడలకు రంగులద్దినవాడే. అంతకుముందు ఇబ్ను ముఖ్లా కలం మొన వేసే చుక్కను కొలతగా తీసుకొని ప్రతి అక్షరానికీ ప్రమాణం నిర్ణయించాడు. అందులో ఉన్నది లెక్కే కదా! మన ఛత్తా బజారులో ఉర్దూ శుభలేఖలు చేత్తో రాసిన కాతిబులు ఎందరో కంప్యూటరు వచ్చాక ఇన్‌పేజ్ నేర్చుకున్నారు. ఈ సంగతులన్నీ పిల్లలకు చెప్పే నేనే, అవసరమైన రోజున మరచిపోయాను.

ఆ శిష్యుడు నా మాట వినకపోవడమే మేలైంది. ఉదయం ట్యూషన్లు చెబుతూ, సాయంత్రం నారాయణగూడలో శిక్షణకు వెళ్ళాడు. ఫోటోషాప్, కోరల్‌డ్రా నేర్చాడు. తెరపై మెరిసే రంగు కాగితంపై ఎందుకు మందగిస్తుందో, కత్తిరింపు కోసం అంచున ఎంత వదలాలో, తెలుగు వత్తులు కింది పంక్తిని తాకకుండా ఎలా అమర్చాలో ఒక ముద్రణాలయంలో నిలబడి తెలుసుకున్నాడు. నల్లబల్లపై పాఠాన్ని అమర్చిన అలవాటే అక్కడా పనికొచ్చిందట.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. అశోక్‌నగర్ గోడలు మీరు చూసే ఉంటారు, ర్యాంకుల ఫ్లెక్సీలతో నిండి ఉంటాయి. ఒక శిక్షణ కేంద్రం వారు, నమూనా ఇంటర్వ్యూకు మాత్రమే వచ్చిన అభ్యర్థిని తమ వద్దే పూర్తి కోర్సు చదివినట్లు చూపమన్నారు. ఇటువంటి ప్రకటనలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. విజేత చదివిన కోర్సు ఏదో చెప్పాలి, ఫోటో వాడటానికి ఫలితాల తరువాత అతని లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఇతను ఆ పని చేయనన్నాడు. ఆ నెల ఇంటి అద్దెకు అనుకున్న సొమ్ము అదే.

"ఇంట్లో ఏమన్నారు?" అని అడిగాను, ఈసారి మరచిపోకుండా.

"బియ్యం ఉన్నాయి, అద్దెకు వారం గడువు అడుగుదాం అంది ఉస్తాద్."

తూనికలో మోసం చేసేవారిని దివ్య ఖుర్‌ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. పల్లెల నుండి అప్పు చేసి వచ్చే పిల్లవాడికి ఆ ఫ్లెక్సీ కూడా ఒక త్రాసే. నేను తరగతిలో చెప్పిన పాఠాన్ని అతను వీధిలో ఆచరించి చూపాడు. నా పాత మాటకు క్షమించమని కోరాను.

వృత్తి మారదలచిన వారికి నాలుగు మాటలు. కొన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకోండి. వడ్డీ అప్పుతో ఫీజు కట్టకండి. శిక్షణ సంస్థకు సొమ్మంతా ఒకేసారి ఇవ్వకండి. జీవుల చిత్రాల విషయంలో సందేహముంటే విశ్వసనీయ పండితులను అడగండి. సంప్రదించి, ఇస్తిఖారా చేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయండి.

ఇక మనవంటి పెద్దలకు ఒకే మాట. సలహా కోరి వచ్చిన బిడ్డను ముందు కూర్చోబెట్టి, అన్నం తిన్నావా అని అడుగుదాం. అల్లాహ్ మన ఇళ్ళలో హలాల్ సంపాదనకు శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.