బ్యాంకు కాదు, మనుషులం

టోలిచౌకి చౌరస్తా కార్వాన్ నియోజకవర్గం. షేక్‌పేట వైపు సాగితే జూబ్లీహిల్స్. పైన గుట్ట మీద ఫిల్మ్‌నగర్. ఎన్నికలొస్తే చాలు, గుట్ట కిందున్న మమ్మల్నందర్నీ ఒకే మాటలో మూటగడతారు: 'ముస్లిం ఓటు బ్యాంకు'. బ్యాంకంటే తాళంచెవి ఎవరి దగ్గరో ఉండాలి. ఎవరి దగ్గరుంది సాబ్?

జూబ్లీహిల్స్ లెక్కే తీయండి. 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం గెలిచాయి. 2014లో మజ్లిస్ తరఫున నిలబడి రెండో స్థానంలో వచ్చింది నవీన్ యాదవ్. 2018లో, 2023లో మాగంటి గోపీనాథ్ గులాబీ జెండాతో గెలిచారు. 2023లో ఆయన చేతిలో ఓడింది అజారుద్దీన్. పేరు చూసి గుద్దేవాళ్లమే అయితే ఆయనెందుకు ఓడారు? గోపీనాథ్ మరణంతో 2025 నవంబరులో ఉపఎన్నిక వచ్చింది. అదే నవీన్ యాదవ్ ఈసారి కాంగ్రెస్ అభ్యర్థిగా, మజ్లిస్ మద్దతుతో 24 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు.

ఆ పోలింగుకు 11 రోజుల ముందు అజారుద్దీన్‌ను మంత్రిని చేశారు. 2023 డిసెంబరులో ఏర్పడ్డ మంత్రివర్గంలో అప్పటిదాకా ఒక్క ముస్లిమూ లేడు. రెండేళ్లు గుర్తురాని మేము అప్పుడే గుర్తొచ్చామా?

ఈ ఆట పాతదే. 2002లో గుజరాత్ మారణకాండ జరిగిన కొద్ది నెలలకే కలాంను రాష్ట్రపతి అభ్యర్థిని చేశారు. ఆ ఎన్నికలో ఓటు ఎంపీలది, ఎమ్మెల్యేలది, మాది కాదు. తెలుగుదేశమూ, కాంగ్రెసూ ఆయనకే మద్దతిచ్చాయి. కలాం మీద మాకు గౌరవమే. కానీ ఒక పేరును గద్దెనెక్కించి ఖౌమ్‌కంతా ఇన్సాఫ్ చేశామంటే ఒప్పుకోం.

12 శాతం రిజర్వేషన్ అన్నారు. 2017లో శాసనసభ బిల్లు కూడా పాస్ చేసింది. అమలు కాలేదు. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి నదీమ్ కాలనీ నీట మునిగింది. ఆ నీళ్లలో నిలబడ్డవాళ్లకు కావలసింది నాలా, ఎవరి మంత్రిపదవో కాదు.

సెక్యులర్ మిత్రులారా, మీకూ ఒక మాట. మిగతావాళ్ల ఓటు మారితే 'చైతన్యం' అంటారు. మాది మారితే 'మోసపోయారు' అంటారు, మారకపోతే 'గంపగుత్త' అంటారు. మతోన్మాదం గద్దెనెక్కుతుందన్న భయం మాకుంది, నిజమే. ఆ భయాన్ని మీ పార్టీలకు పెట్టుబడి చేయకండి. భయపడి వేసిన ఓటుకు కూడా జవాబు చెప్పాల్సిందే.

ఈసారి మా గల్లీకొచ్చేటప్పుడు టోపీ, రుమాలు అక్కర్లేదు. నాలా లెక్క, నౌకరీల లెక్క పట్టుకురండి. చూసి వేస్తాం.